నారాలో ఒకటిన్నర రోజు: మహాబుద్ధుని ముంగిట కొన్ని ప్రశ్నలు

క్యోటోలో పని ముగిశాక మాకు ఒకటిన్నర రోజు ఖాళీ దొరికింది. జపాన్ దాకా వెళ్లి నారా చూడకుండా తిరిగి రావడం బౌద్ధులకు తగదని అందరం అనుకున్నాం. క్యోటో నుంచి రైల్లో ముప్పావు గంట ప్రయాణం. స్టేషన్ భూమి అడుగున ఉంటుంది. మెట్లెక్కి బయటికి రాగానే ఒక ఫౌంటెన్, దాని మధ్యలో ఒక భిక్షువు విగ్రహం. ఆయన పేరు గ్యోకి. ఊళ్లో వాళ్లు ఎక్కడైనా కలుసుకోవాలంటే "గ్యోకి దగ్గర" అని చెప్పుకుంటారట. రాజుల బొమ్మలు, సేనాపతుల బొమ్మలు స్టేషన్ల ముందు చూసి చూసి అలవాటు పడ్డ మాకు, ఒక నగరం భిక్షువుతో స్వాగతం పలకడం సంతోషం కలిగించింది.

ఈ గ్యోకి (668–749) కథ తెలియకుండా నారాను చూస్తే భవనాలే కనిపిస్తాయి, చరిత్ర కనిపించదు. అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాం.

జనం భిక్షువు

క్రీ.శ. 710లో జపాన్ రాజధాని నారాకు వచ్చింది. అప్పట్లో దాని పేరు హేజో. చైనాలోని చాంగాన్ నగరాన్ని నమూనాగా పెట్టుకుని, గళ్ల కాగితంలా వీధులు గీసి కట్టిన నగరం అది. 784 వరకు రాజధానిగా నిలిచింది. అంత పెద్ద నగరం ఎవరి చేతులతో లేచింది? దూర ప్రాంతాల పల్లెల నుంచి వెట్టి పనికి తెచ్చిన రైతులతో. పని ముగిశాక ఇంటికి పోయే దారిలో తిండి లేక ఎందరో రాలిపోయారు.

గ్యోకి వాళ్ల మధ్యకు వెళ్లాడు. దారి పొడవునా విశ్రాంతి గృహాలు కట్టించాడు. వంతెనలు వేయించాడు, చెరువులు తవ్వించాడు, కాలువలు తీయించాడు. ఆ పనులన్నీ జనమే స్వచ్ఛందంగా చేసుకున్నారు. అయితే ఆనాటి చట్టం ప్రకారం భిక్షువు ఆరామంలో ఉండి రాజ్య క్షేమం కోసం సూత్రాలు పఠించాలి. జనంలోకి వెళ్లి బోధించడం నేరం. 717లో రాజశాసనం ఆయన పేరెత్తి మరీ తప్పు పట్టింది. "అల్ప భిక్షువు" అన్న అర్థం వచ్చే మాట వాడింది.

ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. 745లో అదే రాజ్యం ఆ అల్ప భిక్షువును దేశంలోని భిక్షువులందరికీ పెద్దను చేసింది. ఎందుకు? మహాబుద్ధుని విగ్రహం పోతపోయడానికి డబ్బు కావాలి, మనుషులు కావాలి. జనం రాజు మాట కంటే గ్యోకి మాట వింటారని రాజుకు తెలిసిపోయింది. దీన్ని గ్యోకి విజయం అనాలో, రాజ్యం ఆయనను తనలో కలుపుకుంది అనాలో మా మధ్య స్టేషన్ దగ్గరే వాదన మొదలైంది. రెండూ నిజమే అనిపిస్తుంది.

పిడికెడు మట్టి

స్టేషన్ నుంచి తోదాయిజి ఆరామానికి నడిచి వెళ్లవచ్చు. దారంతా జింకలు. వెయ్యికి పైగా ఉంటాయి. తవుడు బిస్కెట్లు కొని చూపిస్తే తల వంచి నమస్కారం చేస్తాయి. మాలో ఒకరికి సారనాథ్ మృగదావనం గుర్తొచ్చింది కానీ, ఈ జింకలు బుద్ధుని తొలి ప్రవచనానికి సంబంధించినవి కావు. పక్కనే ఉన్న కాసుగా షింటో మందిర దేవత దూతలుగా వీటిని భావిస్తారు.

దక్షిణ మహాద్వారంలో రెండు వైపులా ఎనిమిది మీటర్లు దాటిన కొయ్య ద్వారపాలకులు నిలబడి ఉంటారు. 1203లో ఉన్కే, కైకే అనే శిల్పుల బృందం డెబ్బై రోజులు కూడా తీసుకోకుండా చెక్కిన విగ్రహాలవి. వాటిని దాటి లోపలికి వెళ్తే మహాబుద్ధ మందిరం. వెడల్పు 57 మీటర్లు, ఎత్తు దాదాపు 49 మీటర్లు. మొత్తం కొయ్య కట్టడం. 1180లో యుద్ధంలో తగలబడింది, 1567లో మళ్లీ తగలబడింది. ఇప్పుడున్నది 1709లో పూర్తయింది. మొదటిదాని కంటే ఇది వెడల్పులో చిన్నది.

లోపల వైరోచన బుద్ధుడు. ఎత్తు 15 మీటర్లు. ఈ విగ్రహానికి దాదాపు 500 టన్నుల రాగి కరిగించారు. అడుగు నుంచి పైకి ఎనిమిది అంచెల్లో, 747 నుంచి 749 దాకా పోత పోశారు. మంటల్లో తల ఊడిపడింది, చేతులు కరిగిపోయాయి. ఇప్పుడు మనం చూసే తల 17వ శతాబ్దం చివరిది. కింద పద్మం రేకుల మీద చెక్కిన లోకాల చిత్రాల్లో మాత్రం 8వ శతాబ్దపు పని ఇంకా మిగిలి ఉంది.

ఈ విగ్రహాన్ని తలపెట్టింది షోము చక్రవర్తి. 735–737 మధ్య మశూచి జపాన్‌ను ఊడ్చేసింది. రాజ్యాన్ని నడిపే నలుగురు ఫుజివారా సోదరులు ఒకే ఏడాది చనిపోయారు. వాళ్లు చక్రవర్తి భార్య కోమ్యోకు సవతి అన్నదమ్ములు. తర్వాత కరువు, తిరుగుబాటు. 741లో షోము ప్రతి ప్రాంతంలో ఒక భిక్షు ఆరామం, ఒక భిక్షుణీ ఆరామం కట్టమన్నాడు. 743లో మహాబుద్ధ విగ్రహ సంకల్పం ప్రకటించాడు.

ఆ శాసనంలో రెండు విషయాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి, దేశంలోని సంపదా అధికారమూ నావేనన్న రాజు గర్వం. రెండోది, ఎవరైనా ఒక గడ్డిపరక తెచ్చినా, పిడికెడు మట్టి తెచ్చినా తీసుకోండి, దీని పేరు చెప్పి అధికారులు జనాన్ని పీడించవద్దు అన్న ఆజ్ఞ. రెండో మాట చదివినప్పుడు మనసు కరుగుతుంది. మన స్తూపాల మీద చర్మకారులు, వర్తకులు, భిక్షుణులు, గృహిణులు తమ పేర్లు చెక్కించుకుని చేసిన చిన్న చిన్న దానాలు గుర్తొస్తాయి. అమరావతి స్తూపానికి చర్మకార కుటుంబం ఇచ్చిన దానం శాసనంలో ఉందని మన పాఠకులకు తెలిసిందే.

కానీ చరిత్ర రాసేటప్పుడు శాసనం ఒక్కటే చదివితే చాలదు. తోదాయిజి పాత రికార్డులు మొత్తం 26 లక్షల మంది శ్రమ, విరాళాల లెక్క చూపుతాయి. అంతమందీ ఇష్టపడే వచ్చారా? 757లో కుట్ర కేసులో పట్టుబడ్డ తాచిబానా నో నారామారో అనే ప్రభువు, తోదాయిజి కట్టడంతో జనం బాధపడ్డారని విచారణలో చెప్పాడు. ఆ మాట రాజచరిత్రలోనే నమోదైంది. ఆరామానికి బానిసలను ఇచ్చిన పత్రాలు కూడా నేటికీ ఉన్నాయి. బుద్ధుని పేరుతో లేచిన మందిరంలో బానిసలు పనిచేశారన్న మాట చేదుగానే ఉంటుంది. దాచిపెడితే మాత్రం ఎవరికీ మేలు లేదు.

దక్షిణ భారతం నుంచి వచ్చిన చేయి

752లో విగ్రహానికి నేత్రోన్మీలనం జరిగింది. అంటే కుంచెతో కనుపాప దిద్దడం. దిద్దింది ఒక భారతీయుడు. పేరు బోధిసేన. దక్షిణ భారతం నుంచి చైనా వెళ్లి, అక్కడి నుంచి జపాన్ రాయబారుల ఆహ్వానం మీద 736లో వచ్చిన భిక్షువు. ఓడ దిగినప్పుడు ఎదురెళ్లి స్వాగతం పలికింది మన గ్యోకియే. ఆ రోజు బోధిసేన పట్టుకున్న కుంచెకు పొడవాటి తాళ్లు కట్టారు. గుమికూడిన వాళ్లు ఆ తాళ్లు పట్టుకున్నారు. చేయి ఒకరిదే అయినా, కన్ను తెరిచింది అందరూ అన్న భావం. ఆ కుంచె, ఆ తాడు నేటికీ షోసోయిన్ అనే రాజభాండాగారంలో భద్రంగా ఉన్నాయి. బోధిసేన తిరిగి రాలేదు. 760లో అక్కడే పరినిర్వాణం చెందాడు.

అంతా బాగుంది. కానీ జపాన్ చరిత్రలో ఆయనకు స్థిరపడిన పేరు "బారామోన్ సోజో". అంటే బ్రాహ్మణ సంఘాధిపతి. నదులన్నీ సముద్రంలో కలిశాక పేర్లు కోల్పోయినట్టు, సంఘంలో చేరాక కులాలు మాసిపోతాయని బుద్ధుడు బోధించాడు. ఆ బోధ తీసుకుని సముద్రం దాటిన మనిషి వెంట పుట్టుక పేరు కూడా సముద్రం దాటింది. ఇది ఆయన కోరుకున్నదో, అక్కడివాళ్లు గౌరవంగా తగిలించినదో వేరే సంగతి. కులం పేరు ఎంత గట్టిగా అంటుకుంటుందో మాత్రం అర్థమైంది.

తెలుగువాళ్లుగా మాకు నారాలో ఇంకో రెండు చుట్టరికాలు కనిపించాయి. మొదటిది ఆచార్య నాగార్జునుడు. జపాన్‌లో ఆయన పేరు ర్యూజు. ఆయన మాధ్యమిక గ్రంథాలే పునాదిగా ఏర్పడిన సన్రోన్ సంప్రదాయం నారా ఆరు బౌద్ధ శాఖల్లో ఒకటి. 625లో కొరియా భిక్షువు ఒకరు దాన్ని జపాన్‌కు తెచ్చారు.

రెండోది ఇంకా దగ్గరిది. తోదాయిజి కేగోన్ శాఖకు ప్రధాన పీఠం. ఆ శాఖకు ఆధారం అవతంసక సూత్రం. అందులో చివరి భాగమైన గండవ్యూహంలో సుధనుడు అనే కుర్రాడి ప్రయాణం ఉంటుంది. సుధనుడి ఊరు దక్షిణాపథంలోని ధాన్యాకరం. అది మన ధాన్యకటకమేనని, అంటే అమరావతేనని పలువురు పండితుల అభిప్రాయం. జపాన్‌వాళ్లు ఆ కుర్రాడిని జెంజాయి దోజి అని పిలుచుకుంటారు. బోధి కోసం సుధనుడు యాభైకి పైగా గురువుల దగ్గరికి వెళ్తాడు. ఆ గురువుల్లో భిక్షువులు, రాజులే కాదు, నావికుడు, సుగంధద్రవ్యాలు అమ్మేవాడు, బాలుడు, బాలిక, గృహిణులు, చివరికి వేశ్య కూడా ఉన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా సుధనుడు పుట్టుక అడగడు. "నాకు నేర్పండి" అని చేతులు జోడిస్తాడు. కృష్ణ ఒడ్డున పుట్టిన ఆ కథ ఇంత దూరం వచ్చి ఇంత పెద్ద ఆరామానికి ఆధారమైంది. మన ఊళ్లో మాత్రం గురువు కులం ఇంకా అడుగుతున్నారు.

ముట్టుకోగల అర్హతుడు

మందిరం బయట కుడివైపున, ఎర్రటి టోపీ ఎర్రటి వస్త్రంతో ఒక కొయ్య విగ్రహం కూర్చుని ఉంది. రంగు పోయి, ముఖం అరిగిపోయింది. జపాన్‌వాళ్లు బింజురు అంటారు. మన పిండోల భారద్వాజుడు. ఎత్తున కట్టిన చందనపు పాత్ర కోసం గాలిలోకి ఎగిరి మహిమ ప్రదర్శించినందుకు బుద్ధుడు మందలించిన అర్హతుడు ఈయనే. అందుకే లోపల కాకుండా బయట కూర్చున్నాడని చెప్పుకుంటారు. వచ్చినవాళ్లు తమకు ఎక్కడ నొప్పి ఉంటే విగ్రహాన్ని అక్కడ తడిమి, తర్వాత తమ ఒంటి మీద అక్కడే చేయి పెట్టుకుంటారు.

ఇలా తడిమితే నొప్పి పోతుందని మేము నమ్మం. బాబాసాహెబ్ మనకిచ్చిన ధమ్మంలో దానికి చోటు లేదు. అయినా చాలాసేపు అక్కడే నిలబడిపోయాం. మోకాలి నొప్పితో వచ్చిన ముసలమ్మ మోకాలు తడుముతోంది. చిన్నపిల్లలు పాదాలు తడుముతున్నారు. ఎవరినీ ఎవరూ "ఎవరు నువ్వు" అని అడగడం లేదు. గుడి మెట్టు ముట్టినందుకు దెబ్బలు తిన్న తాతల మనవళ్లం మేము. ముట్టుకోవడం వల్లే అరిగిపోయిన విగ్రహాన్ని చూస్తే కలిగిన భావం మాటల్లో పెట్టడం కష్టం.

అక్కడి నుంచి కోఫుకుజి ఆరామ ప్రదర్శనశాలకు వెళ్లాం. 734లో చేసిన అసుర విగ్రహం అక్కడి నిధి. మూడు ముఖాలు, ఆరు చేతులు, సన్నటి కుర్రాడి శరీరం. కనుబొమలు కొద్దిగా ముడిచి, ఏదో బాధపడుతున్నట్టు, ఆలోచిస్తున్నట్టు చూస్తాడు. రెండు చేతులు జోడించి ఉంటాయి. మన దగ్గర అసురుడంటే కోరలు, మీసాలు, గుండెల్లో దిగిన శూలం. బౌద్ధంలో అసురుడు ధమ్మం విని దాన్ని కాపాడే ఎనిమిది గణాల్లో ఒకడు. ఓడినవాడి ముఖాన్ని ఇంత ప్రేమగా చెక్కిన చేతికి నమస్కరించాం.

ఈ కోఫుకుజికి ఇప్పుడు ప్రహరీ లేదు. జింకలు నేరుగా లోపలికి వస్తాయి. 1868లో మేజీ ప్రభుత్వం షింటోనూ బౌద్ధాన్నీ వేరు చేయమన్నప్పుడు దేశమంతా ఆరామాల మీద దాడులు జరిగాయి. ఇక్కడి భిక్షువులు కాసుగా మందిర పూజారులుగా మారిపోయారు, గోడలు కూలిపోయాయి. రాజ్యం పోషించిన సంఘాన్ని రాజ్యమే ఒక్క ఉత్తర్వుతో కూల్చగలదు. మన దేశంలో మౌర్యుల తర్వాత ఏం జరిగిందో తెలిసిన మనకు ఇది కొత్త పాఠం కాదు.

కొండవాలు మీద పద్దెనిమిది గదులు

పర్యాటకులు సాధారణంగా ఇక్కడితో ముగించి మళ్లీ రైలెక్కుతారు. మేము మధ్యాహ్నం ఊరికి ఉత్తరాన నారాజాకా అనే ఎత్తు దారి పట్టాం. క్యోటో వైపు నుంచి నగరంలోకి వచ్చే పాత దారి అది. మధ్యయుగంలో ఆ వాలు మీద "హినిన్"లు ఉండేవారు. ఆ మాటకు అర్థం "మనిషి కానివాడు". కుష్ఠు రోగులు, బిచ్చగాళ్లు, శవాల పని చేసేవాళ్లు, ఊరు బయటికి నెట్టిన వాళ్లందరికీ అదే పేరు.

13వ శతాబ్దంలో సైదాయిజి భిక్షువు ఎయిసోన్ (1201–1290), ఆయన శిష్యుడు నిన్షో (1217–1303) వీళ్ల దగ్గరికి వచ్చారు. మంజుశ్రీ బోధిసత్వుడు దిక్కులేని బిచ్చగాడి రూపంలో కనిపిస్తాడని ఒక సూత్రం చెబుతుంది. కాబట్టి హినిన్‌కు సేవ చేయడమే మంజుశ్రీ పూజ అన్నారు. 1269లో ఇక్కడి హన్న్యాజి ఆరామం దగ్గర పెద్ద అన్నదానం చేశారు. నిన్షో గురించి ఒక కథ ఉంది. నడవలేని కుష్ఠు రోగి ఒకడు బిచ్చానికి వెళ్లలేక పస్తులుంటుంటే, నిన్షో అతన్ని వీపు మీద మోసుకుని అంగడికి తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ మోసుకొచ్చేవాడట.

నిన్షో పేరుతో చెప్పుకునే రోగుల వసతి పొడవాటి ఇల్లు ఇప్పటికీ ఉంది. పేరు కితాయామా జూహాచికెన్‌కో. కితాయామాలోని పద్దెనిమిది గదులు అని అర్థం. మొదటిది తగలబడితే 17వ శతాబ్దంలో ఇప్పటి చోట తిరిగి కట్టారు. 1921లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. మేము బయటి నుంచే చూశాం. తెల్లటి గోడలు, వరసగా చిన్న తలుపులు. ఒక్కో గది రెండు చాపలు పట్టేంత. చివర బుద్ధ విగ్రహానికి ఒక గది. టికెట్ కౌంటర్ లేదు, జనం లేరు. అక్కడి నుంచి చూస్తే తోదాయిజి కప్పు కనిపిస్తుంది.

నిన్షో చేసింది చిన్న పని కాదు. ఎవరూ తాకని మనిషిని వీపున మోశాడు. ఆయన ముందు తల వంచాల్సిందే. కానీ ఆ సంఘం బోధలో మరో పొర ఉంది. ఈ రోగం, ఈ బతుకు గత జన్మల పాపానికి, ధర్మాన్ని దూషించినందుకు ఫలితమని ఆ కాలంలో భిక్షువులు నమ్మారు. రోగులకూ అదే చెప్పారు. అన్నం పెట్టిన చేత్తోనే నీ బాధకు నువ్వే కారణమని కూడా చెప్పారన్నమాట. వీపున మోసినవాడు మోయబడినవాణ్ని సమానుడిగా చూశాడా? కరుణ ఉంది, సమానత్వం లేదు.

"బుద్ధుడు, అతని ధమ్మం"లో బాబాసాహెబ్ గత జన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకంత గట్టిగా తోసిపుచ్చారో ఆ వాలు మీద నిలబడితే తెలిసింది. పేదవాడి పేదరికానికి వాడి పూర్వజన్మే కారణమంటే సమాజం చేతులు కడిగేసుకుంటుంది. అది బ్రాహ్మణ సిద్ధాంతమని, బుద్ధుని నోట పెట్టడం అన్యాయమని ఆయన రాశారు. ఏడు వందల ఏళ్ల కిందటి నారాలో ఆ సిద్ధాంతం బౌద్ధ చీవరం కట్టుకుని తిరిగింది. ఆ భావన ఎంత కాలం బతికిందో చూడండి: కుష్ఠు రోగులను బలవంతంగా వేరుచేసే చట్టాన్ని జపాన్ రద్దు చేసింది 1996లో.

వాడ నుంచి లేచిన జెండా

మర్నాడు పొద్దున్నే రైళ్లు మారుతూ గంటకు పైగా ప్రయాణించి, అదే నారా రాష్ట్రంలోని గోసే పట్టణం చేరాం. పర్యాటక పటాల్లో ఈ పట్టణానికి పెద్ద చోటుండదు. మనకు మాత్రం ఇది యాత్రాస్థలం.

జపాన్‌లో "బురాకు" అంటే పల్లె, వాడ. కానీ ఆ మాట వినగానే అక్కడివాళ్లకు తోచేది వెలివాడ. చచ్చిన పశువుల తోలు తీసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, డప్పులకు తోలు బిగించేవాళ్లు అక్కడ ఉండేవారు. 17వ శతాబ్దం నుంచి రాజ్యం వీళ్లను "ఎతా" అని నమోదు చేసింది. ఆ అక్షరాలకు అర్థం "మైల నిండినవాళ్లు". ఆరామాల్లో మోగే డప్పు తోలు వాళ్లది, ఆరామంలో కూర్చునే చోటు వాళ్లది కాదు. వాళ్లకు వేరే ఆరామాలు. కొన్ని చోట్ల చనిపోయాక ఇచ్చే ధమ్మనామంలో కూడా "పశువు", "తోలు", "దాసుడు" అనే అర్థాలు వచ్చే అక్షరాలు రాశారు, సమాధి రాళ్ల మీద చెక్కారు. శవానికి కూడా కులం అంటించారన్న మాట. ఆ పని చేసింది బౌద్ధ పురోహితులు.

1871లో మేజీ ప్రభుత్వం ఈ పేర్లను రద్దు చేసింది. రికార్డుల్లో వాళ్లు "కొత్త సామాన్యులు" అయ్యారు. ఆ "కొత్త" అన్న మాటే మళ్లీ గుర్తింపు ముద్ర అయింది. కొన్ని చోట్ల మిగతా రైతులు ఈ ఉత్తర్వుకు ఎదురు తిరిగి వాడల మీద పడి చంపారు. కారంచేడు, చుండూరు తెలిసిన మనకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

గోసేలో సైకోజి అనే చిన్న ఆరామం ఉంది. జోదో షిన్ శాఖది. 13వ శతాబ్దపు షిన్రాన్ స్థాపించిన సంప్రదాయం అది. బురాకు జనంలో చాలామంది ఆ శాఖవాళ్లే. ఆ ఆరామంలో పుట్టిన యువకుడు సైకో మన్కిచి (1895–1970). చదువుకున్న చోటల్లా పుట్టుక వెంటాడింది. తన ఊరి మిత్రులు సాకామోతో సెయిచిరో, కోమాయి కిసాకులతో కలిసి, ఇతర ప్రాంతాల వాళ్లను కూడగట్టి, 1922 మార్చి 3న క్యోటోలో "సుయిహేషా" స్థాపించాడు. సుయిహే అంటే నీటి మట్టంలా సమతలం. సమతల సంఘం అనుకోవచ్చు. ఆ సభలో ఒక బాలుడు బడిలో పడ్డ అవమానం చెప్పి ఏడిస్తే సభ అంతా ఏడ్చిందని రాశారు. ఒక స్త్రీ కూడా వేదికెక్కి మాట్లాడింది.

ఆ రోజు చదివిన ప్రకటనలో, సైకో రాతలో, కీలకమైన వాదన ఒకటుంది. యాభై ఏళ్లుగా మమ్మల్ని ఉద్ధరిస్తామని వచ్చినవాళ్ల జాలి మమ్మల్ని ఇంకా దిగజార్చింది. మనిషిని జాలిపడి కాదు, గౌరవించి విడుదల చేయాలి. మా విముక్తి మా చేతులతోనే జరగాలి. ముందు రోజు నారాజాకా వాలు మీద మాకు తట్టిన ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరికింది.

వాళ్లు షిన్రాన్‌ను వదల్లేదు. షిన్రాన్ మాటను మోసం చేసిన హోంగాంజి పీఠాలను నిలదీశారు. మాకు గౌరవం ఇవ్వని పీఠాలకు విరాళాలు ఇవ్వం అన్నారు. బుద్ధుని పట్టుకుని పీఠాధిపతులను ప్రశ్నించడం అంటే ఇదే.

గోసేలోని సుయిహేషా మ్యూజియంలో వాళ్ల జెండా ఉంది. నల్లటి గుడ్డ మీద నెత్తుటి రంగు ముళ్ల కిరీటం. దాన్ని రూపొందించింది కూడా సైకోయే. సుయిహేషా పుట్టిన మరుసటి ఏడాది, 1923లో, కొరియాలోని జింజులో పశువుల కోత పని చేసే బేక్జాంగ్ జనం హ్యోంగ్‌ప్యోంగ్‌సా అనే సమానత్వ సంఘం పెట్టుకున్నారు. జపాన్ కొరియాను పాలిస్తున్న రోజులవి. అయినా రెండు వైపుల అంటరానివాళ్లు ఒకరికొకరు చేయి అందించుకున్నారు. ఆ స్నేహపు పత్రాలు 2016లో యునెస్కో ఆసియా పసిఫిక్ స్మృతి జాబితాలో చేరాయి. సుయిహేషా పుట్టిన ఐదేళ్లకు, 1927 మార్చి 20న, బాబాసాహెబ్ మహాడ్ చెరువు నీళ్లు తాకారు. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసిన పనులు కావివి. దెబ్బ ఒకటే అయినప్పుడు కేక కూడా ఒకేలా వస్తుంది.

సమస్య తీరిపోయిందని మేము చెప్పడం లేదు. 1975లో బురాకు ఊళ్ల పేర్ల జాబితాలు రహస్యంగా కంపెనీలకు అమ్ముతున్నారని బయటపడింది. ఉద్యోగానికి వచ్చినవాడి ఊరు చూసి పుట్టుక పసిగట్టడానికి. మన దగ్గర "ఊళ్లో ఏ వైపు?" అని అడగడం లాంటిదే. 1979లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జరిగిన మతాల శాంతి సమావేశంలో సోటో జెన్ శాఖ పెద్ద ఒకరు జపాన్‌లో అలాంటి వివక్షే లేదన్నారు. బురాకు ఉద్యమం నిలదీసింది. తర్వాత ఆయన తప్పు ఒప్పుకున్నారు. ఆ శాఖ తన సమాధుల మీది, రిజిస్టర్లలోని అవమానకర నామాలను వెతికి సరిదిద్దే పని మొదలుపెట్టింది. 2016లో బురాకు వివక్ష నిర్మూలనకు చట్టం వచ్చింది. అడిగేవాళ్లు ఉంటే పీఠాలు కూడా మారతాయి.

మేము తెచ్చుకున్నది

మన మిత్రుల్లో కొందరు జపాన్, థాయ్‌లాండ్, శ్రీలంక అనగానే "అక్కడ బౌద్ధం ఉంది కాబట్టి అంతా సమానమే" అనుకుంటారు. మరి కొందరు "బౌద్ధం ఉన్నా వివక్ష పోలేదు కదా, మతం మార్చుకుని లాభమేంటి?" అని అడుగుతారు. నారా చూసొచ్చాక ఇద్దరికీ మేము చెప్పేది ఒకటే. 15 మీటర్ల విగ్రహం సమానత్వాన్ని తేలేదు, తేలేదు కూడా ఎందుకంటే అది విగ్రహం పని కాదు. అది సంఘం పని. గ్యోకి జనం దగ్గరికి వెళ్లినప్పుడు ధమ్మం బతికింది. నిన్షో రోగిని వీపున ఎత్తుకున్నప్పుడు బతికింది. పూర్వజన్మ పాపమని చెప్పిన క్షణం కుంటుపడింది. సైకో మన్కిచి ఒక ఆరామం బిడ్డగా పుట్టి, జాలి వద్దు గౌరవం కావాలని లేచి నిలబడినప్పుడు మళ్లీ నడిచింది.

స్వేచ్ఛ, సమానత్వం, సోదరత్వం అనే మాటలను తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదని, తన గురువైన బుద్ధుని బోధ నుంచి తీసుకున్నానని బాబాసాహెబ్ 1954లో ఆకాశవాణిలో చెప్పారు. ఆ మూడింటిలో ఏది తగ్గినా మిగతా రెండూ నిలబడవు. మనం కట్టుకుంటున్న విహారాలకు కూడా ఇదే కొలత. మన పల్లెల్లో విహారం కట్టాక మాల మాదిగలు ఒకే వరసలో కూర్చుంటున్నారా? స్త్రీలు వందన చెప్పిస్తున్నారా? రెల్లి, సంచార కులాల బిడ్డ లోపలికి వస్తే ఎవరైనా పక్కకు జరుగుతున్నారా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోకుండా విగ్రహం ఎత్తు పెంచుకుంటూ పోతే మనమూ నారా దారిలోనే నడుస్తాం.

తిరుగు ప్రయాణంలో నారా మీదుగా వస్తూ స్టేషన్ బయట గ్యోకిని మళ్లీ ఒకసారి చూశాం. ఆయన తోదాయిజి వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. కాలేజీ పిల్లలు కొందరు ఆయన పాదాల దగ్గర మిత్రుల కోసం ఎదురుచూస్తున్నారు.

నమో బుద్ధాయ. జై భీమ్.